మా అత్త పిలిచిన పెండ్లి

లేదు చిన్నాయనా, పెండ్లి ఆగదు. నిన్న అందరి ముందర నువ్వు అన్న మాటకి అప్పుడు నాకు నోరు రాలే. ఇప్పుడు వచ్చింది. "పిలిచే మనిషే పోయింది, ఇంగ పెండ్లేందిరా, ఎనక్కి ఏసేద్దాం" అన్నావు. అంతటితో నిలిపుంటే బాగుండు. "యాడా కుదురుగా పని సేసినోడివి గాదు, నువ్వు జరిపిస్తావా పెండ్లి?" అని గూడా అన్నావు. జరిపిస్తా. యాలంటే పెండ్లి ముప్పాతిక జరిగిపోయింది. జరిపించింది అత్త.

సదివే మీకు సంగతి సెప్పాల. పోయిన వారం పుంగనూర్లో మా మేనత్త కాలం సేసింది. నేను మదనపల్లె నుంచి పుంగనూరు మీదగా పలమనేరు పొయ్యే బొగ్గు బస్సులో క్లీనరుని. యుద్ధం వచ్చినాక పెట్రోలు దొరక్క, బస్సు ఎనకాల పొయ్యి కట్టి బొగ్గు పొగతో నడుపుతాండారు గదా, ఆ పొయ్యి రాజేసేది నా పని. పుంగనూరు బస్టాండులో సోడాలమ్మే ఆయప్ప, బస్సు నిలవకముందే కిటికీ కాడికి వచ్చి, "ఒరే అప్పా, నువ్వు ఈడ దిగిపో. మీ అత్త ఇంగ లేదంట" అన్నాడు. నేను నమ్మలే. ముందు దినం సాయంత్రం ఇదే బస్సులో తీసకొచ్చి ఆమెని వాళ్ల సందు మొగదాల దించినోణ్ణి నేనే. ఇంటికి పోయి గడప మీద కూర్చోని మామని మంచినీళ్లు అడిగిందంట. ఆయన చెంబు తెచ్చే లోపల తల గోడకి ఆనించి, నిద్రపోయిన మాదిరి ఉండాదంట. అంతే.

నేను కొన్నాళ్లు పని సేసిన ప్రెస్సు అయ్యగారు ఆమెని ఎరుగును. నా పత్రికలో ఒక పుట ఇస్తాను, ఆమె గురించి రాయి అన్నాడు. నేను ఫోర్తు ఫారంతో సదువు నిలిపేసినోణ్ణి. పుస్తకాల మాట నాకు రాదు. మాట్లాడినట్టే రాస్తాండా. బొగ్గు రాజుకునే దాకా టైముండాది.

మా అమ్మా నాయనా లేరు. మదనపల్లెలో మాకు కూడు పెట్టింది చిన్నాయన, అది నేను కాదనను. కానీ నాకూ మా సెల్లెలికీ తలంటింది, బుద్ధి సెప్పింది, జరమొస్తే పక్కన కూర్చునింది అత్త. ఆమెకి బిడ్డలు లేరు. పుంగనూరు నుంచి వస్తే వాకిట్లో చెప్పులిడవక ముందే "పిల్లోళ్లు యాడ?" అని అడిగేది. నేను సైకిల్ షాపు ఇడిస్తి, సోడా ఫ్యాక్టరీ ఇడిస్తి, ప్రెస్సు ఇడిస్తి. ఊళ్లో అందరూ నన్ను కాలు నిలవనోడు అన్నారు. అత్త మాత్రం, "నీ కాళ్లు ఊరికే ఉండవులే. మన ఇంట్లో పెండ్లి రానీ, పిలుపులకి పనికొస్తాయి" అనేది.

ఆ పెండ్లి వచ్చింది. మా సెల్లెలికి కుప్పంలో సంబంధం కుదిరింది. పిల్లోడు మిలిటరీలో లారీ తోలతాడు. లీవు మీద వస్తాండాడు. లీవు అయిపోతే మళ్లీ బర్మా పక్కకి పోవాల, తిరిగి ఎప్పుడొస్తాడో ఆయనకే తెలీదు. అందుకని ఈ లీవులోనే పెండ్లి అయిపోవాలని అందరమూ అనుకుంటిమి.

సీర కొనేదానికి అత్త మా సెల్లెల్ని తీసకపోలే. "అది వస్తే మొదటి సీరకే సరే అంటాది, నాకు కష్టం కాకూడదని. నువ్వు రా" అనింది. బస్సు దిగి అట్లనే పోయినా. పుంగనూర్లో గుడ్డల సాయిబు అంగడి. యుద్ధానికని గుడ్డల మీద సర్కారు కంట్రోలు వచ్చినాక పట్టు సీరలు కనిపించడమే గగనం, ఆమె కోసరం లోపల దాచిన రెండు మూడు తీసినాడు.

"పెండ్లికూతురు యాడమ్మా?" అన్నాడు.

"ఇడుగో" అని అత్త నన్ను ముందుకి తోసింది. నాదీ మా సెల్లెలిదీ ఒకే రంగు. "మొగం తుడుసుకోరా, బొగ్గు. ఆ భుజం మీద ఏసుకో."

సాయిబు గడ్డం నిమురుకుంటా, "రంగు సరిపోయింది గానీ అమ్మా, పెండ్లికొడుక్కి మీసాల సంగతి ముందే సెప్పినారా?" అన్నాడు.

అంగట్లో ఉండేవాళ్లంతా నవ్వినారు. అత్త నవ్వలే. నన్ను ఆ సీరతోనే వీధిలోకి లాక్కొచ్చి ఎండలో నిలబెట్టింది. "నీడలో అన్ని సీరలూ బాగుంటాయి. ఎండలో సూడాల" అనింది. బస్టాండు పక్క నుంచి మా డ్రైవరు చూసి ఈల ఏసినాడు. నేను కదలలే. అరక్కు రంగు సీర, లక్క మాదిరి ముదురు ఎరుపు, సన్న జరీ అంచు. ఒక మూల తడి చేసి తన తెల్ల రవిక గుడ్డకి రుద్ది, రంగు దిగలేదని చూసుకున్నాక, అప్పుడు నవ్వింది. "ఇది దానికే. నీకు మాత్రం బాగలేదు" అనింది.

పెండ్లి మదనపల్లెలోనా కుప్పంలోనా అని రెండు పక్కలా లాగులాడుకుంటా ఉంటే, నడిమధ్యలో పుంగనూరు సత్రం అని తేల్చింది ఆమే. సత్రం సూసేదానికి పోయినప్పుడు నేను ద్వారాలు, స్తంభాలు సూస్తాండా. ఆమె నేరుగా వంటకొట్టం లోకి పోయి పొగ యాడికి పోతాదో సూసింది. బావి సూసింది. మళ్లా వచ్చి, సావిట్లో ఒక మూల గోడకి ఆనుకొని కూర్చుండి పోయింది.

"ఏమత్తా, కాళ్లు నొస్తాండాయా?"

"ముసిలోళ్లు ఈడనే కూర్చుంటారురా. నువ్వు పోయి పీటల కాడ నిలబడు."

నిలబడినా.

"కనబడవు. స్తంభం అడ్డం. ఇంగొంచెం జరుగు. ఇంగా. ఆ, ఇప్పుడు కనపడినావు. పీటలు ఆడ ఎయ్యాల. గుడుపల్లె నుంచి గుంతల్లో పడీ లేసీ వచ్చే ముసిలామె తాళి సూడకుండా పోతే, ఆమె వచ్చింది యాలకి?"

ఆ చోట నేను బొగ్గుతో గుర్తు పెట్టినా. ఇంకా ఉండాది, పోయి చూసినా.

ఇంగ కార్డుల కథ. ప్రెస్సులో నాకుండే చనువుతో, దొరికిన కొంచెం కాయితంతో కార్డులు అచ్చేయించినా. మా పురోహితుడు శ్రావణం మొదట్లో మంచి ముహూర్తం పెట్టినాడు. ఆషాఢం పోయింది, శ్రావణం వచ్చింది, ఇంగేం అనుకుంటిమి. దూరం వాళ్లకి కార్డులు పోస్టులో ఏస్తిమి. నాలుగో నాటికి కుప్పం నుంచి పిల్లోడి తల్లి, కార్డు చేతిలో పట్టుకొని, పుంగనూర్లో మా అత్త ఇంటి ముందర దిగింది.

"వదినా, ఆడి నెలలో పెండ్లి పెట్నారే. మేము ఆడిలో కొత్త చీపురు గూడా కొనమే" అనింది.

"ఆడి యాడిది వదినా? శ్రావణం వచ్చేసింది గదా" అనింది అత్త.

"మీకు వచ్చింది. మాకు ఇంకా రాలే."

అప్పుడు తెలిసింది. వాళ్లూ తెలుగోళ్లే, ఇంట్లో మాట తెలుగే. కానీ కుప్పంలో పక్కన అంతా అరవం. నెలలు మాత్రం అరవోళ్ల లెక్కన ఎంచుతారు. మన శ్రావణం వచ్చినాక గూడా వాళ్ల ఆడి ఇంకా ముగియదు. ఒకే దినం ఈడ మంచిది, ఆడ పనికిరాదు. ఇంకెవురన్నా అయితే నీ పంచాంగం తప్పంటే నీ పంచాంగం తప్పని సంబంధమే ఇరిసేసుకుందురు. మా అత్త తల మీద చెయ్యి పెట్టుకొని, "తప్పు నాదే వదినా. నెల పేరు అడిగినా గానీ ఎవురి నెలో అడగలే" అనింది. ఆయమ్మకి కాఫీ పోసి, ఇద్దరూ పంచాంగం ముందర కూర్చున్నారు.

"మీ ఆడి పోవాల. మా శ్రావణం పోగూడదు. భాద్రపదం వస్తే మావోళ్లు ఒప్పరు. ఆ నడి సందులో దూరాల" అనింది అత్త.

సందు దొరికింది. ఇరుకు సందే. పిల్లోడి లీవు గూడా ఆ సందు దాటినాక రెండు మూడు దినాలకే ముగుస్తాది. దాటిపోతే ఇంగ రెండు పక్కలా ఒప్పుకునే దినం యాడో ముందర ఉండాది, అప్పటికి పిల్లోడు ఈడ ఉండడు. అందుకే చిన్నాయనా, ఎనక్కి ఎయ్యడం అంటే ఎనక్కి ఎయ్యడం గాదు.

కార్డులన్నిట్లో తప్పు తేదీ. మళ్లీ అచ్చేసేదానికి కాయితం లేదు. నేను తల పట్టుకుంటే అత్త నన్ను సూసి, "మంచిదే అయింది. కార్డు సెప్తాది, పిలవదు. ఇంగ ప్రతి ఇంటికీ మనమే పోవాల" అనింది. ఆమెకి సెప్పడం వేరే, పిలవడం వేరే. వాకిట్లో నిలబడి ఫలానా దినం పెండ్లి అంటే అది దండోరా అనేది. గడప దాటి లోపలికి పోవాల. ఇంటి ఆడమనిషికి బొట్టు పెట్టాల. ఆ ఇంట్లో చిన్నపిల్లోళ్లని పేరు పెట్టి పిలవాల. "పిల్లోణ్ణి పేరు పెట్టి పిలిస్తే పెద్దోడు ఎగ్గొట్టలేడు. వాడు ఊరుకోడు గదా" అని నవ్వేది.

కడసారి పోయింది వాయల్పాడుకి. పురాణం సెప్పే అయ్యవార్లు వాల్మీకిపురం అంటారు గానీ మాకు వాయల్పాడే. ఆడ మాకు దూరం బంధువు ఒకాయన ఉండాడు. మా చిన్నాయన పెండ్లిలో ఎవురో దారిలో నిలబడి సెప్పినారంట, ఇంటికొచ్చి పిలవలేదంట. అప్పటి నుంచి మా ఇంటి గడప తొక్కలే. మమ్మల్ని సూసి మంచం మీద గోడ పక్కకి తిరిగి పండుకున్నాడు. అత్త ఆయన భార్యకి బొట్టు పెట్టింది. మనవరాలి పేరు అడిగి, ఆ పాపని పేరు పెట్టి పిలిచింది. తరవాత మంచం కాడికి పోయి, "అన్నా, నీ ఈపుకి సెప్తాండా అనుకోవద్దు. నిన్నే పిలస్తాండా. ఈపుతోనన్నా రా" అనింది.

ఆ తరవాత ఆ ఈపు నవ్వడం మొదలు పెట్టింది.

ఆ సాయంత్రమే ఆమె కడసారి మా బస్సెక్కింది. దిగేటప్పుడు కుంకం భరిణె పెట్టుకునే పిలుపుల సంచి డ్రైవరు సీటు ఎనక కొక్కికే తగిలించి మరిసిపోయింది. నిన్న సాయంత్రం ఆ సంచి ఇచ్చేద్దామని మామ దగ్గరికి పోయినా. మామ పెద్దగా మాట్లాడే మనిషి గాదు. సంచిని సూసి చెయ్యి అడ్డం పెట్టినాడు.

"ఈడ పెట్టద్దు. ఈడ మైల. అది పని మీద ఉండే సంచి. పని ముగించుకొని తీసకరా."

"చిన్నాయన ఆపేద్దామంటాండాడు మామా."

ఆయన సంచిని నా పక్కకే జరిపి, "ఆమె సగం ఊళ్లని పిలిచి పోయింది. పిలిచినాక వద్దనేదానికి ఏం మాట ఉండాదిరా? నాకు తెలీదు. మీ చిన్నాయనకి తెలిస్తే సెప్పమను" అన్నాడు.

సెప్పు చిన్నాయనా. మా సెల్లెలు గూడా నన్ను ఒకటే అడిగింది: "అన్నా, అత్త పిలిచినోళ్లు ఆ దినం వస్తే, సత్రం వాకిట్లో ఎవురుంటారు?" మనకి మూణ్ణాళ్ల మైల, అది తీరింది. మామ ఇంట్లో దినాలు గూడా ముహూర్తానికి ముందే అయిపోతాయి. అత్త పసుపు కుంకాలతో పోయిన మనిషి. ఆమె సంచి కన్నా శుభం ఏముండాది మన ఇంట్లో? జనం నవ్వుతారు అన్నావు. నవ్వనీ. ఆ వాయల్పాడాయన మాదిరి నవ్వితే మంచిదే. నా కాళ్లు కుదురుగా ఉండవు అన్నావు. ఇప్పుడు కావాల్సింది అట్లాంటి కాళ్లే. పెద్దపంజాణి ఉండాది, గుడుపల్లె ఉండాది.

ఇది సదివే మా బంధువులకి ఒక మాట. మీ చేతిలో కార్డుంటే అందులో తేదీ తప్పు. సరైన తేదీ ఈడ రాయను. రాస్తే సెప్పినట్టు అవుతాది. వస్తాండా, ఇండ్లలోనే ఉండండి.

ఇది రాస్తాండంగానే ఎవురో బస్సెక్కినారు. తలెత్తి చూస్తే చిన్నాయన పెండ్లాం, మా చిన్నమ్మ. పట్టు సీర, తల్లో కనకాంబరాలు.

"నువ్వేంది ఈడ?" అన్నా.

"ఆడోళ్లకి బొట్టు నువ్వు పెడతావారా, పిచ్చోడా?"

"చిన్నాయన ఏమన్నాడు?"

"తమలపాకుల కట్ట తెచ్చి చేతికిచ్చినాడు." ముందర సీట్లో కూర్చోని, కొక్కికుండే సంచి తీసుకొని, భరిణె మూత తీసింది. కుంకంలో అత్త వేలు పెట్టి పెట్టి పడిన గుంత అట్లనే ఉండాది. చిన్నమ్మ ఆ గుంతలోనే వేలు పెట్టింది. పక్క సీట్లో ఎవురో పలమనేరు పొయ్యే ఆయమ్మ, మాకు ముక్కూ మొగం తెలీని మనిషి. ఆమెకే మొదటి బొట్టు పెట్టి, "మా బిడ్డ పెండ్లి, నువ్వు రావాల" అంటాండాది. ఆయమ్మ సంకలో పిల్లోడి పేరు అడగతాండాది.

బొగ్గు రాజుకునింది, డ్రైవరు అరస్తాండాడు. పోవాల.