పెద్దమ్మ వేసిన నీలి చుక్కలు

మా పెద్దమ్మ కాలికి బలపం కట్టుకుని తిరిగే మనిషి. ఇంట్లో కనబడలేదంటే ఎవరూ కంగారుపడరు. కొండదారిలో ఏదో ఒక రాయి ముందు చతికిలబడి, రంగు డబ్బా పక్కన పెట్టుకుని, నాచు గీకుతూ ఉంటుంది. ఆ దారి కింద ఉన్నదాన్ని ఊళ్ళోవాళ్ళు చెరువనే అంటారు గానీ అది చాలా పెద్ద సరస్సు. అవతలి ఒడ్డున నిలబడ్డవాళ్ళు ఆడో మగో ఇవతలివాళ్ళకి తెలియదు. చుట్టూ కొండలు, వాటి మీద దట్టంగా చెట్లు, చెట్ల మధ్య నుంచి నీళ్ళ దాకా దిగే కాలిబాటలు. వాటి కోసం పట్నాల నుంచి జనం వస్తారు. వాళ్ళకి పెద్దమ్మ తన మేడ మీద మూడు గదులు అద్దెకిస్తుంది.

గదులు బతుకుతెరువు, దారి ప్రాణం. మేకలు నడిచిన బాటని మనుషులు నడిచే బాటగా చేసింది ఆవిడే. పడవకి పూయగా మిగిలిన నీలం రంగుతో మలుపు మలుపుకీ ఒక రాయి మీద అరచెయ్యంత చుక్క పెట్టింది. పొద్దున్నే టీ తాగుతున్న అతిథులకి ఆవిడ చెప్పే జాగ్రత్తలు వినాల్సిందే.

"బల్లపరుపు రాయి మీద కూర్చోండి. దాని పక్కదాని మీద మాత్రం వద్దు, తేళ్ళుంటాయి. రెల్లు దగ్గర నోరు మూసుకోండి, నీటికోళ్ళు గుడ్ల మీదుంటాయి."

"జలపాతం ఉందటగా అమ్మా?" అని ఎవరో ఒకరు అడుగుతారు.

"ఉంది. కాస్త సిగ్గెక్కువ. వానలు పడితే గాని బయటికి రాదు."

దారి ఆ చివర అవతలి ఒడ్డున మా పిన్ని ఇల్లు. పిన్నంటే పెద్దమ్మ తోడికోడలు, పెద్దనాన్న తమ్ముడి భార్య. అన్నదమ్ములిద్దరూ రోజూ ఒకే పడవలో చేపలకి వెళ్తారు, ఒకే చుట్ట చెరిసగం కాలుస్తారు. తోడికోడళ్ళకే మాటల్లేవు. ఎప్పుడో, అతిథుల ముందు, "అక్కయ్యా, నీ దుప్పట్లు చెమ్మ వాసనేస్తున్నాయి" అంది పిన్ని. అన్నది నిజమే, కానీ అనకూడని చోట అంది. పెద్దమ్మకి ముక్కు మీదే కోపం. "నా దుప్పట్లు వాసనేస్తే నువ్వే గదులు కట్టుకుని నడుపు, చూస్తాను" అంది. పిన్ని నిజంగానే కట్టుకుంది. ఆ రోజు నుంచీ పెద్దమ్మ నోట పిన్ని అన్న మాట లేదు, "అవతలావిడ" అంటుంది.

ఇదివరకు అతిథులు ఆ చివరిదాకా నడిస్తే సాయంత్రం పెద్దనాన్న పడవలో వెనక్కి తెచ్చేవాడు. ఈ ఏడు భుజం నొప్పి వచ్చింది. సాయంత్రాలు ఎదురుగాలిలో తెడ్డు వేయొద్దన్నాడు డాక్టరు. సరే, నడిచి వెళ్ళినవాళ్ళు నడిచే వస్తారులే అనుకున్నారు. వాళ్ళు రాలేదు. దారి తప్పామని కబురు పెట్టారు. వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే పిన్ని ఇంట్లో దిగిపోయారు. మర్నాడు గాలి లేని వేళ, వాళ్ళ సంచులు పడవలో వేసుకుని అక్కడ దింపి వచ్చేది మళ్ళీ పెద్దనాన్నే.

"సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. దారి నాది, అతిథులు ఆవిడకి. నా చుక్కలు చెరిపేస్తోంది, నాకు తెలుసు" అనేది పెద్దమ్మ.

నేను సెలవు మీద వచ్చేసరికి మూడు గదులూ ఖాళీ. చేపల కంపెనీవాళ్ళు మేడ మొత్తం అడుగుతున్నారట, ఐసు పెట్టెలు పెట్టుకోవడానికి. నెలాఖరులోగా మాట చెప్పాలి. ఇలాగే ఉంటే ఇచ్చేస్తానంది పెద్దమ్మ. ఆ మాట అంటూ కిటికీ అద్దం తుడుస్తోంది, తుడిచిందే తుడుస్తోంది. ఆ గదులు పోతే ఆవిడ ఏమైపోతుందో నాకు తెలుసు. నాకు ఏడుపొచ్చింది, దాని వెనకే కోపం కూడా వచ్చింది. చుక్కలు ఎవరు చెరుపుతున్నారో నేనే తేలుస్తానని బయల్దేరాను.

వెళ్ళేటప్పుడు దారి కళ్ళకి పండగలా ఉంది. ఒక్క చుక్కా చెరగలేదు. రెల్లులో ఏదో పిట్ట కీచుమంటే ఆగాను, బల్లపరుపు రాయి మీద కూర్చున్నాను, చివరి రాయి దాకా హాయిగా చేరాను. వెనక్కి తిరిగాక మొదలైంది నా అవస్థ. ఒక్క చుక్క కనబడితే ఒట్టు. మూడు బాటలు కలిసిన చోట తలా తోకా తెలియక, ముళ్ళలో పడి, పైకెక్కి, కిందికి దిగి, చివరికి ఓ రాయికి ఆనుకుని ఆయాసపడ్డాను. ఆ రాయి అటువైపు చూస్తే నీలం చుక్క. పక్క రాయికీ అంతే. చుక్కలన్నీ పెద్దమ్మ ఇంటివైపే మొహం పెట్టుకుని ఉన్నాయి. అవతలి నుంచి వచ్చేవాడికి కనబడేది ఉత్త రాయి.

ముళ్ళు పీక్కుంటూ ఇంటికొచ్చి, "పెద్దమ్మా, నువ్వెప్పుడైనా అటునుంచి ఇటు నడిచావా?" అని అడిగాను.

"నాకేం ఖర్మ? అలా నడవాలంటే ఆవిడ గుమ్మం ముందు నుంచి మొదలెట్టాలి. చివరి రాయి దగ్గర పడవెక్కి వచ్చేస్తాను."

"ఎవరూ ఏమీ చెరపలేదు. నువ్వు వెళ్ళడానికే దారి వేశావు, రావడానికి వెయ్యలేదు."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం కదా, వెంటనే ఒప్పుకుంటే పెద్దమ్మ ఎందుకవుతుంది? "అదెంత పని, వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి వేస్తాను" అంది. రెండు రోజులు మెడ తిప్పుకుని వేసింది. వాటిని నమ్మి అవతలి నుంచి బయల్దేరిన ఓ డ్రాయింగు మాస్టారు మోకాళ్ళ లోతు బురదలోకి దిగాడు. ఒక బూటు దొరికింది, రెండోది నీటికోళ్ళకి వదిలేశాడు. అటునుంచి వచ్చేవాడికి ఎక్కడ అనుమానమొస్తుందో ఇటునుంచి వెళ్ళేవాళ్ళకి అంతుబట్టదు మరి.

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ డబ్బా, కుంచె తీసుకుని పడవెక్కింది. నేను పక్కన కూర్చున్నాను. పెద్దనాన్న తెడ్డు వేస్తూ నవ్వాపుకోలేక దగ్గినట్టు నటించాడు.

పిన్ని మెట్ల మీద తువ్వాళ్ళు ఆరేస్తోంది. మమ్మల్ని చూసి చెయ్యి ఆగింది. తేరుకుని నాతో అంది, "ఏమ్మా, మీ పెద్దమ్మకి మంచినీళ్ళు కావాలేమో అడుగు."

"అక్కర్లేదని చెప్పు. రంగేసుకుని పోతామని చెప్పు" అంది పెద్దమ్మ, నాతోనే.

"నేనేమైనా టెలిఫోన్ తీగనా? ఎదురెదురుగానే ఉన్నారుగా!" అని అరిచాను.

పిన్ని తువ్వాలు దులిపింది. "వేసుకోమను. దారి తెలీక మీవాళ్ళు నా మెట్ల మీద ఏడుపు మొహాలతో కూలబడుతుంటే చూడలేక గదులిస్తున్నాను. రాత్రంతా మీ పెద్దమ్మ టిఫిన్ల గురించి పొగడ్తలే, చెవులు చిల్లులు పడుతున్నాయి." తువ్వాలు భుజాన వేసుకుని మా వెంట వచ్చేసింది. రమ్మని ఎవరూ అనలేదు.

మొదటి మలుపులో పెద్దమ్మ కుంచె ముంచగానే, "అక్కడ వేసి లాభం లేదు" అంది పిన్ని. "ఇక్కడికొచ్చేసరికి మనుషులు నీళ్ళవైపే చూస్తారు, రాళ్ళు ఎవరికి కావాలి? నాలుగడుగులు ముందుకెళ్ళి వెయ్యాలి." పెద్దమ్మ నాలుగడుగులు ముందుకెళ్ళి వేసింది. మూడు బాటలు కలిసిన చోటికి వచ్చేసరికి, "ఇక్కడెక్కడ వెయ్యమంటావ్?" అని తనే అడిగింది. డబ్బా పిన్ని చేతిలోకి ఎప్పుడు మారిందో నేను చూడలేదు.

కొండ భుజం మీదికి ఎక్కగానే పెద్దమ్మ ఆగిపోయింది. అక్కణ్ణుంచి సరస్సు మొత్తం ఒక్కసారిగా కనబడింది. ఒడ్డు వెంట లేతాకుపచ్చ, మధ్యలో చిక్కటి నీలం, నీటికాకులు రెక్కలు చాపుకుని ఆరబెట్టుకుంటున్న తిన్నె, దూరంగా చెట్ల కింద తన మేడ.

"ఇన్నేళ్ళూ దీనికి వీపు చూపించి నడిచానా!" అంది. అంత సంతోషంగా ఆవిడని నేనెప్పుడూ చూడలేదు. పిన్ని వచ్చి పక్కనే నిలబడింది.

ఎండ నడినెత్తికొచ్చే వేళకి ఇంటి దగ్గరి చీలికకి చేరాం. పెద్దమ్మ కుంచె ఎత్తింది.

"ఇక్కడ కూడానా? ఇక్కణ్ణుంచి నేను కళ్ళు మూసుకుని వెళ్ళగలను" అంది పిన్ని.

"అంత బాగా తెలిసినదానివి, ఇన్నేళ్ళలో ఒక్కసారైనా రాలేదేం?"

"దారి తెలియక రాలేదనుకున్నావా అక్కయ్యా? నువ్వు రమ్మనలేదు."

పెద్దమ్మ ఒకటికి నాలుగు అంటించే మనిషి. ఆవిడ కుంచె డబ్బాలో పెట్టేసింది.

"నోరు రాలేదే. చివరి రాయి దగ్గర నిలబడి మీ కిటికీ చూసేదాన్ని. పడవ వచ్చేది, ఎక్కేసేదాన్ని."

"నేనూ కిటికీలోంచి చూసేదాన్ని. పిలిస్తే ఆగేదానివా?"

"ఆగేదాన్ని" అంది పెద్దమ్మ. కళ్ళు తుడుచుకోబోయి బుగ్గంతా నీలం రంగు పూసుకుంది. పిన్ని ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది, తన తువ్వాలుతో ఆ బుగ్గ రుద్దుతూ.

ఆ పూట పిన్ని వెళ్ళలేదు. పెద్దమ్మ ఆవిడకి సరస్సువైపు గదిలో పక్క వేసింది. మర్నాడు చేపల కంపెనీ మనిషి వస్తే గుమ్మంలోనే నిలబెట్టి, మేడ ఇవ్వడం కుదరదని చెప్పేసింది. ఇంకా అతిథులెవరూ రాలేదు, కొత్త చుక్కల సంగతి ఎవరికీ తెలియదు. అంత తొందరేమిటని అడిగాను.

"ముందు గదులు నిండనీ పెద్దమ్మా."

"ఒకటి నిండిందిగా" అంది.