కేబుల్ మామ పెరికిన తీగ

మంగళవారం పొద్దున టీ గ్లాసు చేతిలో ఉండగా ఫోన్ వచ్చింది. మా ఆఫీసులో ఫైబర్ అతికే మనిషి, మేమంతా కేబుల్ మామ అని పిలిచే ఆయన, నిద్రలోనే పోయారు. ముందురోజు ఆయన మడిచి పెట్టిన తువ్వాలు ఇంకా ఆఫీసులో ఆయన కుర్చీ మీదే ఉంది.

మూతపడ్డ బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో చిన్న నెట్‌వర్క్ ఆఫీసు మాది. ఇక్కడి ఆసుపత్రిలో తీసిన స్కాన్లు మా తీగ మీదుగానే బెంగళూరు డాక్టర్లకు వెళ్తాయి. ఒక తీగ తెగితే రెండోది క్షణాల్లో దానంతటదే అందుకోవాలి. ఇంజనీరింగ్ చదివి వచ్చిన నేను, తెర మీది మ్యాపులో మొదటి తీగకు ఎరుపు గీత, రెండోదానికి నీలం గీత వేర్వేరుగా ఉండడం చూసి, అంతా సరిగ్గా ఉందని చేరిన నెలలోనే రాసిచ్చాను.

మామ ఆ కాగితం చదివి కళ్ళద్దాలు తీశారు.

"నడిచి చూసినావామ్మా?"

"మ్యాపులో ఉంది కదా మామా."

"మ్యాపుకు కాళ్ళుండవు. చెప్పులేసుకో."

బంగారుపేట రోడ్డు వెంట ఎండలో నడిపించి, ఒక మోరీ దగ్గర వంగి చూపించారు. నా ఎరుపు, నా నీలం ఒకే గుంతలో పక్కపక్కనే పడుకుని ఉన్నాయి. తవ్వినవాళ్ళు రెండోసారి తవ్వడానికి బద్ధకించారు. ఒక్క జేసీబీ దెబ్బకు రెండూ పోయేవి.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన తిట్టలేదు.

"గని మూసేదాకా నేను కిందనే పని చేసినాను. పైకొచ్చే ఇంకో షాఫ్టుకు దారి యాడుండాదో పెద్దోళ్ళు మమ్మల్ని నడిపించి చూపించేవాళ్ళు. కాగితం మీది దారిలో బయటికి రాలేం గదా!"

రెండో తీగను వేరే దారిలో, బేతమంగల వైపు నుంచి వేయించేదాకా ఆయన ఊరుకోలేదు. అప్పట్నుంచీ ప్రతి శుక్రవారం పదకొండింటికి, స్కాన్ల మధ్య ఖాళీ చూసి, ఆఫీసు పెట్టెలోంచి మొదటి తీగ పసుపు కొసను స్వయంగా పెరికేవారు. వెంటనే ఆసుపత్రి నర్సక్కకు ఫోన్.

"ఏమ్మా, లైను ఉండాదా?"

"ఉండాది. మళ్ళా పెరికినావా? నీ చేతులు ఊరికే ఉండవు గదా మామా!"

బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు పెరకడమని ఒకసారి అడిగాను. "ఒక దినం అదే తెగుతాది. ఆ దినం మొదటిసారి చూద్దామా?" అన్నారు.

నాకు ఈ ఊళ్ళో కాలు నిలవదు. బెంగళూరు ఉద్యోగాలకు దరఖాస్తులు పెడుతుంటే పక్కనుంచి చూసి, "పో తల్లీ, ఈడ నేనుండాను గదా" అనేవారు.

ఈ శుక్రవారం తీగ పెరకొద్దన్నాడు మా సూపర్‌వైజర్. "మామ లేడు. ఏమన్నా అయితే ఎవురు చూస్తారమ్మా?" ఈ వారం మానేస్తే ఇక ఎప్పటికీ మానేస్తామని నాకు తెలుసు. నేను చూస్తానన్నాను. నర్సక్కకు ఫోన్ చేసి, స్కాన్ ఏదీ నడవడం లేదని తెలుసుకుని, ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని చెయ్యి చాపాను. తెర మీద ఎరుపు గీత ఆరిపోయింది.

"లైను ఉండాదా అక్కా?"

"ఉండాదే," అంది. "యెప్పుడు పెరుకుతావు?"

పసుపు తీగ అప్పటికే నా చేతిలో వేలాడుతోంది.