శుక్రవారం పెద్ద అక్షరాలు

నేను పాడేరులో ఒక కాఫీ రైతుల సంఘానికి కంప్యూటర్లు చూస్తుంటాను. సంత జరిగే ఊళ్లలో మాకు తూకం గదులున్నాయి, ఒక్కో గదిలో ఒక్కో పాత కంప్యూటరు. అక్షరాలు ఎంత పెద్దవిగా ఉండాలి, తెర ఏ రంగులో ఉండాలి, ఏ మీట ఏ పని చెయ్యాలి అన్నవి లోపల కనబడకుండా దాక్కున్న చిన్న ఫైళ్లలో రాసి ఉంటాయి. మిషను పాడైనప్పుడల్లా జీపులో పడి వెళ్లి వాటిని మళ్లీ మొదటినుంచి రాసేసరికి నా తలప్రాణం తోకకొచ్చేది.

అందుకే ఒక సాఫ్ట్‌వేర్ పనిముట్టును ఆశ్రయించాను. సెట్టింగులన్నీ ఒకే మూసగా రాసి ఒకచోట దాచిపెట్టాలి. ఏ మిషనులోనైనా ఆదేశాలు కొట్టే నల్ల తెర తెరిచి ఒక్క లైను కొడితే చాలు, ఆ మూసలోంచి ఆ మిషనుకు కావలసింది అదే నింపుకుంటుంది. మొదటిసారి మాత్రం మిషను పేరు అడుగుతుంది. పేరు ఇదైతే ఇలా ఉండు, అదైతే అలా ఉండు అని మూసలో ముందే రాసుకోవచ్చు. ఆఫీసులో టీ చల్లారేదాకా ఈ సంగతి చెప్పి అందరి ప్రాణాలూ తీశాను. ఎవరి పిచ్చి వాళ్లకానందం.

మిషన్లకు పేర్లు వెతుక్కోవలసిన పని పడలేదు. మా ఏజెన్సీ కొండల్లో వారం నడిచేది సంతల మీద. ఏ ఊళ్లో సంత ఏ రోజైతే ఆ మిషనుకు ఆ పేరు: పాడేరు మిషను శుక్రవారం, ముంచింగిపుట్టు మిషను శనివారం. ఎవరూ చెప్పకుండానే అందరం అలాగే పిలిచాం.

పాడేరు తూకం గదిలో బరువులు కంప్యూటరులోకి ఎక్కించే అక్క నాకంటే బాగా పెద్దది. ఆమె చూపు అంచులనుంచి తగ్గుతూ వస్తోంది. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదాన్ని కాపాడుకోవాలని విశాఖలో కంటి డాక్టరు చెప్పాడు. ఈ సంగతి మేనేజరుకు తెలిస్తే ఉద్యోగం పోతుందని ఆమె భయం. మా ఇద్దరికి తప్ప మూడో మనిషికి తెలియదు. ఆమె కోసమే మూసలో ఒక మాట రాశాను: పేరు శుక్రవారమైతే అక్షరాలు పెద్దవి, నల్లటి తెర మీద పసుపు రంగులో. నువ్వెక్కడ కూర్చున్నా నీ తెర నీకొస్తుందక్కా అని గొప్పగా చెప్పాను కూడా.

తరవాత ఆమెను ముంచింగిపుట్టు బదిలీ చేశారు. అక్కడ కొత్త మిషను పెట్టారు. కొట్టవలసిన లైను నేను ఫోనులో చెప్పాను, ఆమె కొట్టింది, అది పేరడిగింది. ముంచింగిపుట్టులో కూర్చున్న మనిషి ఇంకేం కొడుతుంది? శనివారం అని కొట్టింది.

శనివారం తెర అంతకుముందు అక్కడ పనిచేసిన కుర్రదానికోసం నేను రాసినది, చీమల బారులాంటి అక్షరాలు. అక్కకు ఆ సంగతి తెలియదు. తెర మారిందని ఆమెకు అనుమానమే రాలేదు, ఎక్కడైనా ఒకేలా వస్తుందని నేను చెప్పాను కదా. ఆమె తన కళ్లనే అనుమానించింది.

కొన్ని వారాలు ఏదో ఒక సాకు చెప్పి పక్కవాళ్లచేత అంకెలు చదివించుకుని నెట్టుకొచ్చింది. కళ్ల మీద నమ్మకం పోయి, చర్చిలో ఆదివారం తను బైబిలు వాక్యం చదివే పని కూడా వేరే ఆమెకు అప్పగించేసింది. చివరికి బస్సెక్కి పాడేరు వచ్చి నా బల్ల ముందు కూర్చుంది.

“పని మానీత్తాను సెల్లీ. నా కళ్లు అయిపోనాయి.”

నాకు ఏడుపొచ్చింది. ఇంత తొందరగా ఎలా పోయాయి, డాక్టరు అలా చెప్పలేదే అని అడిగాను. బదిలీ అయిన మొదటి రోజునుంచే అక్షరాలు అందడం లేదంది. ఆ మాటతో నా బుర్ర పనిచేసింది. ఆ రోజు మిషను పేరు ఏమని కొట్టావని అడిగాను. చెప్పింది.

ఆమెతోపాటే ముంచింగిపుట్టు బస్సెక్కాను. దారిలో విషయం చెబితే నమ్మలేదు, ఓదార్పు మాటలనుకుంది. తూకం గదిలో కూర్చుని మూస మార్చాను. ఇకనుంచి అది ఊరి సంగతి అడగదు, కూర్చున్న మనిషి ఎవరో అడుగుతుంది. లైను కొట్టి, ఆమె పేరు పెట్టాను. పసుపు అక్షరాలు తెర నిండా వచ్చాయి. అక్క పై వరసనుంచి కింది వరస దాకా గట్టిగా చదివింది. కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ చదివింది.

నేను సంచి సర్దుకుంటుంటే ఆగమంది.

“దీనికంటే పెద్దయి కూడా ఇప్పుడే రాసి ఉంచీ. అప్పుడప్పుడూ నిన్ను పిలిసి, ఇది కూడా కనబడతం లేదని సెప్పడానికి నాకు నోరు రాదు.”

మళ్లీ కూర్చున్నాను. ఒక మీట నొక్కితే ఒక మెట్టు పెరిగేలా రాసుకుంటూ పోయాను. ప్రతి మెట్టూ ఆమె చూసి సరే అంది. ఒక్క అంకె తెరంతా నిండే దగ్గర నా చేతులు ఆగిపోయాయి. ఆ పైన రాయడానికి అక్షరాలు లేవు. అది ఆమెతో అనలేకపోయాను.

ఆమే అంది. “దాని తరవాత మెట్టు గొంతు పెట్టు. మిషనే సదివి సెప్పాల. బేగి బేగి సదివీది వొద్దు. సర్చిలో నేను సదివినట్టు, నెమ్మదిగా.”

అలాగే పెట్టాను. ఆ ఆదివారం చర్చిలో వాక్యం అక్కే చదివిందట.