పంపు స్విచ్చి మీది బోర్డు

ఇరవై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇప్పుడది బరువుగా కూడా తోచడం లేదు. మోసిన చోటు మొద్దుబారిపోయింది.

ముందు నా గొప్పలు వినండి. సముద్రంలోని చమురు బావులకు సామాన్లు, మంచినీళ్లు చేరవేసే ఓడలో ఇంజనీరుగా చేశాను. వికారాబాద్ చాయ్ హోటల్లో నేను నోరు తెరిస్తే, అలలు తాండూరు సిమెంటు ఫ్యాక్టరీ చిమ్నీ కంటే ఎత్తు లేచేవి. కోట్‌పల్లి ప్రాజెక్టు నీళ్లలో పడవెక్కడానికే జంకేవాళ్లలో నన్ను కాదనేదెవరు? తుఫానులో ఇంజను గదిలోకి దూకి మా తాండూరు మోయిజ్ ప్రాణం కాపాడానని కూడా చెప్పాను.

తుఫాను లేదు. ఆ రోజు సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉంది.

మోయిజ్ నా కింద పనిచేసేవాడు. ఆ ఉద్యోగం నేనే ఇప్పించాను. మరమ్మతుకు దిగేవాడు కరెంటు కట్టేసి, స్విచ్చికి ‘మనిషి పనిలో ఉన్నాడు’ అన్న బోర్డు తగిలించాలి. తగిలించినవాడే తియ్యాలి. ఇంకొకడు ముట్టకూడదు. మోయిజ్ బోర్డు తగిలించి పంపు దగ్గరికి దిగాడు. పంపు వెయ్యమని పైనుంచి కెప్టెన్ తొందరపెడుతున్నాడు. ఒకసారి పేరు పెట్టి పిలిచాను. జవాబు లేదు. ఇంజన్ల మోతలో ఎలా వినిపిస్తుంది? నాకు తెలియదా? అన్నానికి పోయాడనుకున్నానో, అలా అనుకున్నానని తర్వాత నాకు నేనే చెప్పుకున్నానో ఇన్నేళ్లకూ తేల్చుకోలేకపోతున్నాను. బోర్డు తీశాను. స్విచ్చి వేశాను.

అతని కుడిచేతి వేళ్లు మూడు పోయాయి.

విచారణకు ముందు ఆసుపత్రిలో అడిగాడు.

“సాబ్, బోర్డు పెట్టిన గదా? మీరు సూసిండ్రు గదా?”

“నేను సూడలే మోయిజ్. మర్సినవేమో, జర యాద్ చేస్కో.”

కట్టు కట్టిన చేతిని దుప్పటి కిందికి లాక్కున్నాడు. “మర్సిన కావచ్చు సాబ్. నాదే గల్తీ.”

విచారణలో అదే రాసుకున్నారు. అతని ఉద్యోగం పోయింది. నాకు ప్రమోషన్ వచ్చింది.

మొన్న తాండూరులో వాళ్లింటికి వెళ్లాను. అతని బిడ్డ చాయ్ ఇస్తూ నవ్వింది. నాన్న గ్యాస్ కట్టేసి మూడుసార్లు చూసుకుంటాడట. తాళం వేసి సగం దారి పోయి వెనక్కి వస్తాడట. ఓడలో ఆ బోర్డు మరచిన నాటి నుంచి తన మీద తనకే నమ్మకం లేదట. మోయిజ్ కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. చాయ్ తాగి వచ్చేశాను.

అతనికి తెలుగు చదవడం రాదు. అందుకేనా ఇక్కడ రాస్తున్నాను? అయ్యుండొచ్చు.

మోయిజ్ ఏమీ మరవలేదు. ఇన్నాళ్లకు ఒకచోట ఆ మాట రాశాను. ఊపిరి కాస్త సాఫీగా ఆడుతోంది, సిగ్గులేకుండా.