అమ్మ విడవని పత్యం

మొన్న ఆదివారం కంచరపాలెంలోని నా గదికి, అచ్యుతాపురం కంపెనీలో పనిచేసే పిల్ల వచ్చింది. నాలాగే మగపిల్లాడిగా పుట్టి ఆడదానిగా బతుకుతోంది, నన్ను అమ్మా అంటుంది. ఆపరేషన్ కోసం తిరుగుతోంది. లోకంలో డాక్టర్లంతా చూసే పుస్తకంలో మనలాంటివాళ్లని మనసు జబ్బుల్లోంచి తీసేశారట, అయినా మనసు డాక్టరు చీటీ రాస్తే గాని ఆపరేషన్ చెయ్యం అంటున్నారట. "జబ్బు కాదంతారు, మళ్లీ జబ్బు డాక్టరు కాడికే పొమ్మంతారు. ఇదేటమ్మా?" అని విసుక్కుని, డ్యూటీ ఉందని వెళ్లిపోయింది. నేను మాత్రం పొయ్యి మీది చేపల పులుసు కూడా మరిచి కూర్చుండిపోయాను.

మాది సముద్రపు ఒడ్డున చేపలు పట్టే ఇల్లు. నాన్న వేటకి వెళ్లేవాడు, అమ్మ గంపనెత్తుకుని వీధుల్లో అమ్మేది. మీసాలొచ్చే వయసులో అక్క వోణీ కట్టుకుని అద్దం ముందు దొరికిపోతే, నాన్న కొట్టి కొట్టి అలిసిపోయి, చివరికి ఒక మనసు డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్లాడు. ఆయన ఏవో నాలుగు ముక్కలు అడిగి, ఇది మనసుకు పట్టిన జబ్బని తేల్చేసి మాత్రలు రాశాడు. నాకు ఆ మాట చెంపదెబ్బే. అమ్మకి మాత్రం, చెబితే నమ్మరు, ప్రాణం లేచొచ్చింది! జబ్బయితే నయమవుతుంది కదా. నాన్న చెయ్యెత్తినప్పుడల్లా అడ్డం పడి, "జబ్బు మడిసిని కొడతావేటి, నీకు సెయ్యెలా వత్తాదయ్యా" అనేది.

మరి జబ్బంటే పత్యం ఉండాలిగా. డాక్టరు అనకపోయినా, కామెర్లొచ్చినవాళ్లకి మాన్పించినట్టు నాకు చేప మాన్పించేసింది. మా ఇళ్లల్లో చేప లేని ముద్ద ఉంటుందా, మీరే చెప్పండి! ఇంటిల్లిపాదీ పులుసు జుర్రుతుంటే నాకు చారన్నం. ఒక్కడూ ఎలా తింటాడులే అని, నాకు నయమయ్యేదాకా తనూ ముట్టనని గంగమ్మకి మొక్కుకుంది. పొద్దల్లా చేపల గంప మోసిన మనిషి, నా పక్కన కూర్చుని చారన్నం తినేది. ఆ మాత్రలు నన్ను మత్తులో ముంచాయే గానీ నాలోని ఆడపిల్లని కదపలేకపోయాయి.

చివరికి నాకు ఓపిక నశించింది. ఒక మధ్యాహ్నం అందరి ముందూ నా కంచంలో నేనే కోనెం చేప ముక్క వేసుకుని, నాకు ఏ జబ్బూ లేదు, నేనింతే అని చెప్పేశాను. చెప్పింది నిజమే, ఈరోజుకీ ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ అమ్మ చేతిలో ఉన్న ఒక్క అడ్డూ ఆ నిజంతోనే పోయింది. "జబ్బు నేకపోతే ఇది పొగరే. పోరా బయటికి" అన్నాడు నాన్న. ఆ ముక్క తినకుండానే గడప దాటాను.

తర్వాత రైళ్లూ, చప్పట్లూ, ఛీత్కారాలూ అన్నీ అయ్యాయి, అవి మీరెరగనివి కావు. అమ్మ పోయిన సంగతి దినాలైపోయాక అక్క చెప్పింది. చివరిదాకా చేప ముట్టలేదట. మంచాన పడ్డాక అక్క కాస్త పులుసు నోట్లో పోయబోతే, "ఆడికింకా నయమవనేదే" అని మొహం తిప్పేసుకుందట.

ఇప్పుడు కాలం మారింది, పుస్తకాలూ మారాయి, సంతోషమే. అంత పెద్ద డాక్టర్లు కొట్టేసిన మాట మా గుమ్మం దాకా రావడానికి ఇన్నాళ్లు పట్టింది. చల్లారిన పులుసు కంచంలో వడ్డించుకుని, జబ్బు కాదటమ్మా, ఇంక పత్యం విడిచెయ్యవే అని పైకే అన్నాను. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను.