అట్ట వెనక అధ్యక్షులు

ఆ వీధిలో ఆయన్ని అందరూ అద్దాలాయన అంటారు. కళ్ళద్దాలు అమ్మేవాడనుకునేరు, కాదు, పటాలు కట్టేవాడు. పెళ్ళి ఫోటోలు, డిగ్రీ పట్టాలు, పోయినవాళ్ళ బొమ్మలు, ఏది తెచ్చినా కొలిచి, కోసి, అద్దం బిగించి ఇచ్చేవాడు. ముప్పై నాలుగేళ్ళుగా అదే కొట్టు, అదే బల్ల, అదే రంపం. మనిషి సన్నం, మాట ఇంకా సన్నం. దేశం గురించి ఎవరైనా "మీరేమంటారు?" అని అడిగితే "కొలత చెప్పండి" అని టేపు తీసేవాడు. ఇలాంటి మనిషి మెడకి రాజకీయం చుట్టుకుంటుందని ఎవరు కలగంటారు చెప్పండి!

ఆ దేశంలో ప్రతి సర్కారు కార్యాలయంలో, ప్రతి బళ్ళో అధ్యక్షుడి పటం ఉండి తీరాలి. అధ్యక్షుడు మారినప్పుడల్లా కొత్త ఫోటో పైనుంచి వస్తుంది, పాత పటం అద్దాలాయన బల్ల మీదికొస్తుంది. ఫ్రేమూ అదే, అద్దమూ అదే, లోపలి మనిషే మారాలి. పైవాళ్ళు పంపే కాగితం మహా పల్చన. ఒట్టి అట్ట మీద పెట్టి బిగిస్తే చెమ్మకి ఉబ్బి, అధ్యక్షులవారి బుగ్గలు ముడతలు పడతాయి. అందుకని ఆయన పాత ఫోటోని పారేయకుండా దాని మీదే కొత్తది పరిచి, వెనక అట్ట వేసి మేకులు కొట్టేవాడు. వాళ్ళ నాన్న నేర్పిన పద్ధతి. అలా ఊళ్ళోని గోడలన్నిటి మీదా అధ్యక్షులు ఒకరి వెనక ఒకరు, గొడవా గోలా లేకుండా సర్దుకుని ఉన్నారు. ఈ సంగతి అద్దాలాయన ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగనూలేదు.

ఆరేళ్ళ కిందట వచ్చిన అధ్యక్షుడు మాత్రం వేరే రకం. ఫోటోలో చేతులు జోడించి, కళ్ళు మూసుకుని ఉంటాడు. సరిహద్దు గురించి ఏ ప్రసంగం చేసినా ముందు ప్రార్థన, తర్వాతే మాట. తనని కాదన్నవాడు దేవుణ్ణి కాదన్నట్టే, దేవుణ్ణి కాదన్నవాడు అవతలి దేశం మనిషే. ఆయనకి ముందున్న అధ్యక్షుడు పరాయి దేశానికి పారిపోతే దేశద్రోహి అని ప్రకటించేశారు. ఆ పేరెత్తాలన్నా జనం అటూ ఇటూ చూసుకునేవారు.

అద్దాలాయన ఇంట్లో మాత్రం ఎవరూ అటూ ఇటూ చూసుకునేవారు కాదు. సెలవు రోజు మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర రణరంగమే. ఒక పక్క బావమరిది, భద్రతా కార్యాలయంలో రాతగుమాస్తా. ఇంకో పక్క కూతురు, బళ్ళో లెక్కల టీచరు. మేనమామ చంకనెక్కి పెరిగిన పిల్ల. ఆయన ముక్కు మీద కోపమే ఈవిడకీ వచ్చింది.

"ఆయన లేకపోతే ఈపాటికి సరిహద్దు ఎక్కడుండేదే? మన వీధి చివర!" అనేవాడు మేనమామ.

"సరిహద్దుని సైనికులు కాస్తున్నారు మావయ్యా, ఆయన ప్రార్థన కాదు. కళ్ళు మూసుకున్నవాడికి సరిహద్దు ఎలా కనబడుతుంది?"

"నోర్ముయ్! దేవుడంటే భయం లేదు నీకు."

"దేవుడంటే లేదు. నువ్వు గుమాస్తాగిరీ చేసే చోటంటేనే భయం."

ఆ మాటకి బావమరిదే ముందు పగలబడి నవ్వేవాడు. మూడు పూటలా ప్రార్థన చేసే అద్దాలాయన భార్య వడ్డిస్తూ, "దేవుణ్ణి నాకొదిలేయండ్రా. ఆయన్ని ఉపన్యాసాల్లోకి లాగితే నా మొర వినడానికి తీరికెక్కడిది?" అనేది. అద్దాలాయన ఉలుకూ పలుకూ లేకుండా తినేవాడు. కానీ ఆ అరుపులంటే ఆయనకి ఇష్టం. ఏ వారమైనా బావమరిది రాకపోతే ముద్ద దిగేది కాదు.

ఒకరోజు బళ్ళో ప్రధానోపాధ్యాయురాలి గదిలో గోడ దులుపుతుంటే అధ్యక్షుడి పటం జారి కింద పడింది. అద్దం భళ్ళున పగిలింది. పైకాగితం పక్కకి జరిగితే, వెనకనుంచి పారిపోయినాయన చిరునవ్వుతో బయటికొచ్చాడు! ప్రధానోపాధ్యాయురాలికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ పటం కట్టించుకొచ్చింది ఎవరు? లెక్కల టీచరు. కట్టింది ఎవరు? వాళ్ళ నాన్న. ఇంకేముంది, తన మెడ మీదికి రాకుండా ఆవిడ గబగబా ఫిర్యాదు రాసి పంపేసింది. రాసే చేత్తోనే ఇంకో ముక్క కూడా తగిలించింది, ఈ టీచరు స్టాఫ్ గదిలో అధ్యక్షుడి ప్రార్థనని వెటకారం చేస్తుంటుందని. ఆ ముక్క రాయకపోతే ఏం పోయింది? కొందరంతే.

మర్నాడే తండ్రీకూతుళ్ళకి భద్రతా కార్యాలయం నుంచి పిలుపొచ్చింది. అక్కడ తేడా వస్తే కూతురి ఉద్యోగం ఊడుతుంది. ఒకసారి ఊడితే ఇంకే బడీ ఆమెని గేటు లోపలికి రానివ్వదు. అద్దాలాయనకి రాత్రంతా కునుకు లేదు.

అధికారి లావుపాటి మనిషి. పక్కనే చిన్న బల్ల దగ్గర బావమరిది, చేతిలో కలం, నుదుట చెమట.

"దేశద్రోహిని అధ్యక్షులవారి వెనక దాచమని ఎవరు చెప్పారు?" అన్నాడు అధికారి.

"ఎవరూ చెప్పలేదండీ. కాగితం ఉబ్బుతుందండీ."

"దేశ భద్రత గురించి అడుగుతుంటే కాగితం ఉబ్బుతుందంటావేమయ్యా?"

"చెమ్మకండీ. వెనక ఇంకో కాగితం ఉంటే ఉబ్బదండీ. అన్నీ అలాగే కడతానండీ." అద్దాలాయన అధికారి తల వెనక గోడకున్న పటం వైపు వేలు చూపించాడు. "అది కూడా నేను కట్టిందేనండీ."

అధికారి మెల్లగా వెనక్కి తిరిగి చూశాడు. తలుపు మూయించి పటం దింపించాడు. అద్దాలాయన జేబులోంచి పట్టకారు తీసి మేకులు ఒక్కొక్కటే పీకాడు. కళ్ళు మూసుకున్న అధ్యక్షుడు లేచాడు. కింద పారిపోయినాయన. ఆయన కింద మీసాలాయన. ఆ కింద ఇంకో ఇద్దరు. మొత్తం అయిదుగురు బల్ల మీద వరసగా పడుకున్నారు. అధికారి చూపు రెండో ఆయన దగ్గర ఆగిపోయింది. అధికారిని ఈ కుర్చీలో కూర్చోబెట్టింది ఆ పారిపోయినాయన సంతకమే మరి.

"మూసెయ్," అన్నాడు చివరికి.

"పాతవి తీసెయ్యమంటారా అండీ?"

"ఉన్నదున్నట్టు మూసెయ్యమన్నానా!"

గండం గడిచిందనుకుని అద్దాలాయన మేకులు కొట్టేశాడు. కానీ ఫైలు అప్పటికే తెరిచారు. తెరిచిన ఫైలుని ఊరికే మూయరు.

"పటం గొడవ వదిలేద్దాం. మరి స్టాఫ్ గదిలో మాటల సంగతేంటి?" అధికారి గుమాస్తా వైపు తిరిగాడు. "నీ మేనకోడలేగా, నువ్వే ఏదో ఒకటి రాసి సంతకం తీసుకో. ఆ సంతకం లేకపోతే ఆవిడకి ఉద్యోగం లేదు."

బావమరిది రాశాడు. పాపం, ఉన్న తెలివంతా పెట్టి, ఎవరూ వేలు పెట్టడానికి సందు లేకుండా రాశాడు. రాసి చదివాడు: "నేను అధ్యక్షులవారి నాయకత్వాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. వారి ప్రార్థన దేశానికి రక్షణ కవచమని నమ్ముతున్నాను. ఇంటా బయటా ఇందుకు విరుద్ధంగా ఎన్నడూ మాట్లాడలేదు, ఇకమీదట మాట్లాడను." కింద సాక్షిగా తన సంతకం కూడా చేశాడు.

కూతురు కాగితం చూసింది. మేనమామని చూసింది. ఆఖరికి తండ్రిని చూసింది. ఆయన వద్దంటే సంతకం పెట్టకుండా లేచి వచ్చేసేది, అది ఆయనకీ తెలుసు. ఏడేళ్ళ కిందట మొదటి జీతంతో తనకి చెప్పులు కొన్న పిల్ల.

"పెట్టమ్మా," అన్నాడు అద్దాలాయన.

పెట్టింది.

బయటికొచ్చాక బావమరిది మొహం తుడుచుకుంటూ ఆమె తల మీద చెయ్యి వేశాడు. "బతికిపోయావే పిల్లా! నేను అక్కడ ఉండబట్టి సరిపోయింది గానీ, ఇంకొకడైతేనా!" అబద్ధమేం కాదు. ఆమె తల ఊపింది.

సెలవు రోజు రానే వచ్చింది. బావమరిది ఎప్పట్లాగే పళ్ళ సంచితో దిగాడు. బల్ల దగ్గర కూర్చుంటూనే మేనకోడల్ని కవ్వించాడు.

"విన్నావా? సరిహద్దు పొడుగునా గోడ కట్టిస్తాడట మా ఆయన!"

"మంచిదే మావయ్యా."

బావమరిది ఒక్క క్షణం తడబడ్డాడు. కాస్త గట్టి ఎరే వేశాడు. "బళ్ళో కూడా పొద్దున్నే ప్రార్థన తప్పనిసరి చేస్తున్నారట. ఏమంటావ్? లెక్కలు మానేసి కళ్ళు మూసుకుంటావా?"

"చెయ్యాల్సిందే మావయ్యా. దేశానికి రక్షణ కవచం కదా."

వెటకారం ఉందేమోనని ఆయన ఆమె మొహంలో వెతికాడు. లేదు. ఆమె తల వంచుకుని తింటోంది.

"ఒసేయ్, ఇక్కడెవరున్నారే? మనమేగా! తిట్టవే. ఆయన్ని తిట్టు, పోనీ నన్ను తిట్టు."

"ఇంటా బయటా అని రాశావు కదా మావయ్యా," అంది ఆమె. "సాక్షివి కూడా నువ్వే."

కోపంగా అనలేదు, అదే అసలు నొప్పి. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది. బావమరిది కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అక్క వైపు చూశాడు, ఆవిడ గిన్నెలోకి చూస్తోంది. "నువ్వైనా చెప్పు బావా! దీన్ని నేను అప్పగిస్తానా? నేనా?"

అద్దాలాయన తలెత్తాడు. ముప్పై నాలుగేళ్ళలో మొదటిసారి ఆయనకి ఒక అభిప్రాయం గొంతు దాకా వచ్చింది. ఈ అధ్యక్షుడు మంచివాడు కాదు, మన ఇంట్లో మాట లేకుండా చేశాడు, అని పెద్దగా అరవాలనిపించింది. నోరు తెరిచాడు కూడా. తెరిచి, ఎదురుగా ఉన్న బావమరిదిని చూశాడు, ఆయన జేబులో కలాన్ని చూశాడు.

"చల్లారిపోతోంది, తినండి," అన్నాడు.