గోరు మేస్త్రి గోరు

మా పక్క షెడ్డు మెకానిక్‌ని అందరూ గోరు మేస్త్రి అంటారు. కుడిచేతి బొటనవేలి గోరు ఒక్కటే పెంచుతాడు. సోకు కోసం కాదు, ఇంజను విప్పినప్పుడు కామ్‌షాఫ్టు చూడడానికి. వాల్వుల్ని వేళకి తెరిచి మూసే ఇనుప కడ్డీ అది. దాని మీద గుడ్డు ఆకారంలో బుడిపెలుంటాయి. కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, ఒక్కో బుడిపె మీదా గోటిని మెల్లగా లాగుతాడు. గోరు జారిపోతే షాఫ్టు బతికినట్టు. ఎక్కడైనా తట్టుకుందా, తీసి తుక్కు డబ్బాలో పడేస్తాడు. బండివాడు కాళ్లావేళ్లా పడ్డా వినడు. ‘గరుకు కాగితంతో రుద్దేస్తే సరిపోదా అన్నా?’ అన్నవాడికి ఆ పూట కూర్చోమని కూడా అనడు. పైగా షాఫ్టుతో పాటు దాన్ని ఒరుసుకునే టాపెట్లూ మార్చి తీరాలంటాడు. పాతదానితో అరిగినవి కొత్తదాన్ని కొరికేస్తాయట.

నేను స్పేర్‌పార్టుల షాపువాణ్ణి. ఆ గోరంటే నాకెంత భక్తో వేరే చెప్పాలా! వాళ్లావిడకి, అదే మా వదినకి, మాత్రం అదంటే పడదు. ‘కత్తిరించుకోవయ్యా, తగిలినచోటల్లా గీరుకుపోతోంది’ అని పెళ్లయిన నాటి నుంచీ సాధిస్తూనే ఉంది.

అలాంటిది, కొన్నాళ్లుగా నా షాపులో కామ్‌షాఫ్టులకు బూజు పట్టడం మొదలైంది. పక్కన ఇంజన్లు దిగుతూనే ఉన్నాయి, గోరు మాత్రం ఎక్కడా తట్టుకోవడం లేదట. అదంతా సాకు, మేస్త్రి ఇంకో షాపు మరిగాడని నాలో నేనే కుమిలిపోయాను. ఎదురుపడితే పలకరించడం కూడా మానేశాను. అంత గొప్ప మనసు నాది.

ఇంతలో వాళ్లావిడ వ్యాను మొరాయించింది. బడిపిల్లల్ని దింపే బండి, ఇల్లు సగం దాని మీదే నడుస్తుంది. ఇంజను టకటకా కొట్టుకుంటోందని షెడ్డులో పెట్టింది. మేస్త్రి షాఫ్టు బయటికి తీసి గోరు లాగి, “అద్దంలా ఉంది, ఎక్కించేస్తా” అన్నాడు. వదిన పక్కనే ఉంది. ఊరికే ఉండలేక తనూ గోరు పెట్టింది.

“ఇక్కడ తట్టుకుంటోందయ్యా.”

“నీ మొహం. గిన్నెలు తోమే గోటికి ఇంజను గురించి ఏం తెలుస్తుంది?”

“గిన్నెలకి అంటిన మాడు తెలుస్తుంది. ఇదీ అలాగే ఉంది.”

తీర్పు చెప్పమని నన్ను కేకేశారు. వేలు పెట్టాను. గీత స్పష్టంగా తగిలింది. చెప్పాను. “నువ్వు చెప్పవూ మరి! అమ్ముకునేవాడివి” అన్నాడు మేస్త్రి. నిజమే, నాలాంటి సాక్షిని నేనైనా నమ్మను.

వదిన వాదించలేదు. కళ్లు మూసుకోమంది. ఆయన బొటనవేలు పట్టుకుని ముందు గీత ఉన్న బుడిపె మీద, తర్వాత నున్నటి బుడిపె మీద లాగింది.

“ఏది గీత?”

“ఇంకోసారి” అన్నాడు. మళ్లీ లాగింది.

“రెండూ ఒకటే” అన్నాడు మెల్లగా.

కాలే ఇనుమునీ డీజిలునీ ఏళ్ల తరబడి ముట్టుకున్న వేలు, ఎప్పుడు మొద్దుబారిందో ఆయనకే తెలీదు. ఈ మనిషి మీదా నేను అలిగింది! మేస్త్రి కళ్లు తెరిచి, మా ఇద్దరినీ కాదు, షెడ్డు గుమ్మం వైపు చూశాడు. “అయితే ఈ మధ్య పంపిన బళ్లన్నీ...” అని ఆగిపోయాడు.

“పిలిపిద్దాం” అంది వదిన.

పిలిపించారు. వచ్చిన ప్రతివాడికీ మేస్త్రి తన నోటితోనే చెప్పాడు, గోరు పనిచేయడం మానేసిందని, ఇంజను ఊరికే విప్పి చూస్తానని. కొందరు తిట్టారు. తలొంచుకుని తిట్లు తిన్నాడు. షాఫ్టులకు బూజు దులిపి నేనే మోసుకెళ్లాను. లాభం వేసుకోలేదు, ఆ మాట మా ఆవిడ దగ్గర మాత్రం అనకండి.

ఇప్పుడు షాఫ్టు కడగడం మేస్త్రిది, గోరు పెట్టడం వదినది. పిల్లల్ని బళ్లో దింపి నేరుగా షెడ్డుకొస్తుంది. మేస్త్రి తన గోరు కత్తిరించేసుకున్నాడు. వదిన పెంచుతోంది, ఎవరైనా కత్తిరించుకోమంటే కయ్యిమంటుంది.

మొన్న టీ తాగుతూ మేస్త్రి నాకు నుదురు చూపించాడు. సన్నటి ఎర్రగీత.

“తలనొప్పిగా ఉందంటే మీ వదిన నుదురు రాసిందయ్యా. చూడు, ఎలా గీరేసిందో!”

“తెలిసిందా అన్నా?”

“తెలియకేం? చురుక్కుమంది” అన్నాడు, మొహమంతా నవ్వుతో.